ఎయిడన్ అనేవాడు లేడు

ఇన్నేళ్ళుగా నా గుండెల మీద ఒక మగవాడి పేరు కూర్చుని ఉంది. మా ఆయన పేరు కాదు. ఆ పేరుతో నేను చెప్పే మనిషి లోకంలో ఎక్కడా లేడు. వాణ్ణి నేనే పుట్టించాను. వాడి చేత ఒక మాట అనిపించాను. ఆ మాట వల్ల ఒక ఆడమనిషికి రావలసిన మంచి రోజు రాకుండా పోయింది. ఈ సంగతి మా ఆయనకి కూడా తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు చెప్పను. అలాగైతేనే నా నోరు పెగులుతుంది. పిరికిదాన్ని, ఒప్పుకుంటాను.

నాది హన్మకొండ. డిగ్రీ రోజుల్లో యూనివర్సిటీ టీముకి బాస్కెట్‌బాల్ ఆడాను. ఐర్లండ్ వచ్చి డబ్లిన్‌లో పై చదువు అయ్యాక అక్కడే శాండీఫోర్డ్‌లో ఐటీ ఉద్యోగం దొరికింది. ఆడటం పోయి చూడటం మిగిలింది. డబ్లిన్‌లో నేను చదివిన కాలేజీ ఆడపిల్లల టీమంటే నాకు పిచ్చి. మ్యాచ్‌కి వచ్చేది పట్టుమని యాభైమంది కూడా ఉండరు. కానీ మా అభిమానులకి ఆన్‌లైన్‌లో ఒక పేజీ ఉంది, అక్కడ మాత్రం కొంపలంటుకున్నట్టు వాదించుకుంటాం.

ఆ పేజీలో నా పేరుతో ఏమన్నా రాస్తే, మర్యాదగా ఒక బొటనవేలి బొమ్మ పెట్టి పక్కకి జరిగేవారు. పాపం ఇండియా ఆవిడ, ముచ్చటపడుతోంది అన్నట్టు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఒకరోజు అదే మాటని ఎయిడన్ అని ఐరిష్ పేరు పెట్టుకుని రాశాను. అబ్బో! ఎంతమంది దిగారో పోట్లాటకి. ఎంత గౌరవంగా పోట్లాడారో! ఆ రుచి మరిగాను. నా పేరుతో ఒకటి రాయడం, ఎయిడన్ వచ్చి దాన్ని సమర్థించడం. అప్పటిదాకా అది ఎవరికీ చెరుపు లేని తమాషా. అలాగే ఉండిపోయి ఉంటే ఎంత బాగుండేది.

తర్వాత కోవిడ్ వచ్చింది. ఆటలు ఆగిపోయాయి. మా కోచ్ వాళ్ళ దేశం వెళ్ళిపోయి, ఇక తిరిగి రానని చెప్పేసింది. చూద్దామంటే మ్యాచ్ లేదు. ఎటైనా పోదామంటే, కారణం లేకుండా ఐదు కిలోమీటర్లు దాటితే గార్డ్స్, అంటే ఇక్కడి పోలీసులు, కారాపి ఎక్కడికని అడిగే రోజులు. ఇక కొత్త కోచ్ ఎవరన్నదే మా ఆటయిపోయింది. గోల్వేలో ఉండే పాత క్రీడాకారిణి అయితే బాగుంటుందని కొందరు, లిమరిక్ కుర్రాడని కొందరు. డెస్ అని ఒక పెద్దాయన ఉండేవాడు, రిటైరైన పోస్ట్‌మన్, ఏ మ్యాచ్‌కీ రాకుండా ఉండేవాడు కాదు. ఈ కాలేజీలో ఆడినవాళ్ళకే ఇవ్వాలని ఆయన పట్టు. బయటివాళ్ళెవరైనా ఆయనకి ఒకటే, గోల్వే అయినా గుంటూరయినా.

ఇక సునీత.

డబ్లిన్ శివారు ఆడమ్స్‌టౌన్‌లో మా వీధి చివర అద్దెకుండేది. ముసలివాళ్ళుండే నర్సింగ్‌హోంలో కేరర్, వాళ్ళకి అన్నీ చేసిపెట్టే పని. ఇక్కడికి రాకముందు గుడివాడ దగ్గర ఆడపిల్లల హాస్టల్ స్కూల్లో పీఈటీ టీచర్‌గా చేసింది. నన్ను అక్కా అక్కా అని తిరిగేది. మ్యాచ్‌లకి ఆమెని మొదట తీసుకెళ్ళింది నేనే. హాల్లో ఊరుకునేదా? లేచి నిలబడి, "చేతులు లెగాలి, చేతులు!" అని తెలుగులోనే కేకలు. అందరూ తిరిగి చూసేవారు. నేను సిగ్గుతో చచ్చేదాన్ని. ఆ పిల్లలేమో నవ్వుకుంటూనే చేతులెత్తేవారు. ఒకసారి ఇంటికి వస్తూ, "నువ్వు ఆట గురించి భలే మాట్లాడతావక్కా. నేనైతే ఆడిస్తాను, అంతే తేడా" అంది. ఎగతాళికే అంది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సయించలేదు.

టీములో ఇద్దరు పిల్లలు మా ఆడమ్స్‌టౌన్ వాళ్ళే. ఆంక్షలు కాస్త సడలించినప్పుడు సునీత వాళ్ళని పార్కు పక్కన కోర్టులో ఆడించడం మొదలుపెట్టింది. డ్యూటీ దిగి, ఇంటికెళ్ళి స్నానం చేసి, జుట్టు ఆరకుండానే వచ్చేసేది. వాళ్ళు కాలేజీలో చెప్పారు. కాలేజీవాళ్ళే ఆమెని పిలిచి దరఖాస్తు పెట్టమన్నారు.

సునీత నాకు మాత్రం చెప్పలేదు. పేజీలో చూసి తెలుసుకున్నాను. కోచ్ పదవికి అందరికన్నా ముందున్నది ఆడమ్స్‌టౌన్‌లో పిల్లల్ని ఆడిస్తున్న ఇండియన్ లేడీయేనట అని ఎవరో రాశారు. కింద ఒకటే సంబరం. కావాలి, రావాలి అని. నేనేది రాసినా బొమ్మ పెట్టి పోయినవాళ్ళు, ఆమె ఒక్క అక్షరం రాయకపోయినా ఎగిరి గంతులేస్తున్నారు.

నాకెందుకు చెప్పలేదు? పదవి వచ్చాక చెబుదామనుకుందేమో. దిష్టి తగులుతుందని భయపడిందేమో. ఆ క్షణంలో ఇవేవీ నాకు తోచలేదు. నేను తీసుకొచ్చిన మనిషి, నేను బెంచీ మీద పక్కన కూర్చోబెట్టుకున్న మనిషి, ముసలివాళ్ళ పక్కలు మార్చే ఉద్యోగం చేసుకునే మనిషి, నాకు మాటమాత్రం చెప్పకుండా నేను కూర్చోవాలనుకున్న కుర్చీలో కూర్చుంటుందా అనుకున్నాను. అవును, నాకూ ఆశ ఉంది. అడుగుతారేమోనని చూశాను. దరఖాస్తు పెట్టే ధైర్యం మాత్రం చేయలేదు. చదువుకున్నదాన్ని, మంచి ఉద్యోగం ఉన్నదాన్ని, ఎంత నీచంగా ఆలోచించానో చూశారా?

అంతకు కొన్నాళ్ళ ముందు సునీత ఫోన్ చేసి వెక్కి వెక్కి ఏడ్చింది. తన చేత్తో అన్నం తినిపించిన ఇద్దరు పెద్దవాళ్ళు కోవిడ్‌తో పోయారు. బయట ఎక్కడా అనొద్దని మేనేజర్ గట్టిగా చెప్పిందట. నాతో తప్ప ఎవరితో చెప్పుకోను అక్కా అంది.

దాన్నే తీసుకున్నాను.

ఎయిడన్ ఏం రాశాడంటే: ఆవిడ మంచి కోచే, సందేహం లేదు. కానీ ఆవిడ పనిచేసే నర్సింగ్‌హోంలో కోవిడ్‌తో ఇద్దరు చనిపోయారని విన్నాను. అక్కణ్ణుంచి నేరుగా మన పిల్లల మధ్యకి రావడం సబబేనా? ఊరికే అడుగుతున్నాను.

ఊరికే అడుగుతున్నానట! పిల్లల కోసం భయపడి రాశానా అని ఎన్నోసార్లు నన్ను నేను అడిగి చూసుకున్నాను. అవునని చెప్పుకుంటే హాయిగా ఉండేది. కానీ రాసి పంపాక నేను చేసిన పనేంటో తెలుసా? టీ పెట్టుకున్నాను. భయపడినవాళ్ళు అలా టీ పెట్టుకోరు.

ఒక తల్లి రాసింది, నాకూ అదే బెంగగా ఉందని. ఆమె వెనక ఇంకొకామె. సాయంత్రానికల్లా సంబరం చేసినవాళ్ళంతా చల్లబడ్డారు. పార్కులో ఆటకి ఆ ఇద్దరు పిల్లలూ రావడం మానేశారు. ప్రస్తుత పరిస్థితుల్లో వీలుపడదని కాలేజీ నుంచి సునీతకి మెయిల్ వచ్చింది. నర్సింగ్‌హోంలో మేనేజర్ పిలిచి, బయట ఎవరితో వాగావని నిలదీసింది. మన తెలుగువాళ్ళంతా మండిపడ్డారు. తెల్లవాళ్ళ బుద్ధి చూశారా, మన మనిషి పైకొస్తే ఓర్వలేరు అన్నారు. నేనూ అన్నాను. అందరికన్నా గట్టిగా అన్నాను.

ఆ వారమే సునీత మా ఇంటికొచ్చింది. ఎవరూ ఎవరింట్లోకీ రాకూడని రోజులు. గేటు పక్క గోడ మీద గోంగూర పచ్చడి డబ్బా పెట్టి, వెనక్కి జరిగి నిలబడింది. నేను గుమ్మంలోనే ఉన్నాను.

"ఇంకో రెండడుగులు ఎనక్కి జరగమంటావా అక్కా? నర్సింగ్‌హోమోళ్ళం కదా" అని నవ్వింది.

"గట్లనకు సునీతా."

"ఆ ఎయిడన్ ఎవడో కాదు, డెస్ ముసలాయనే అంటన్నారు. నిజమేనంటావా?"

నేను గోడ మీది డబ్బా వైపు చూశాను.

"సరే, ఆయనే అనుకుందాం. మరి మా దగ్గర ఇద్దరు పోయిన సంగతి ఆయనకెట్టా తెలిసిందక్కా?"

ఆమె సూటిగా నా మొహంలోకే చూస్తోంది. మాస్కు లేదు నాకు, నా ఇంటి గుమ్మం కదా. నా మొహంలో ఏం కనబడుతోందో. తెలిసే అడుగుతోందా? ఇప్పుడు చెప్పెయ్యనా? నోటిదాకా వచ్చింది, ఒట్టు.

"డెస్‌కు ఎరుకైనోళ్ళెవరో ఆడ పనిచేస్తరంట" అన్నాను. అప్పటికప్పుడు పుట్టించిన అబద్ధం. ఎంత తేలిగ్గా వచ్చిందో!

సునీత తల ఊపింది. "పోన్లే అక్కా. బయటోళ్ళు అన్నారంటే పడతాం. మనోళ్ళెవరన్నా అనుంటే తట్టుకోలేకపోయేదాన్ని." కళ్ళు తుడుచుకుంది. "పచ్చట్లో ఉప్పు తగ్గింది, చూసి ఏసుకో" అని వెళ్ళిపోయింది.

నా అబద్ధం ఆమె నోటి నుంచి పేజీ నడిపేవాళ్ళదాకా పోయింది. డెస్‌ని పేజీలోంచి తీసేశారు. తీసేసే ముందు ఆయన ఒక్క మాట రాశాడు, నేను ఏదన్నా అంటే నా పేరుతోనే అంటాను అని. ఎవరూ నమ్మలేదు. నిజం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, నేను చూసి ఊరుకున్నాను. మ్యాచ్‌లు మళ్ళీ మొదలయ్యాక ఆయన రాలేదు. ఒకసారి మా పక్కనే లూకన్‌లో బస్టాపు దగ్గర కనబడ్డాడు. ఎలా ఉన్నారంటే, "గ్రాండ్, గ్రాండ్", బాగానే ఉన్నానని తలదించుకుని బస్సెక్కేశాడు.

కోచ్ పదవి గోల్వే ఆవిడకి ఇచ్చారు. సునీత ఇప్పటికీ కేరరే. రాత్రి డ్యూటీలు తీసుకుంటోంది. నడుం పట్టేసిందని బెల్టు పెట్టుకుంటోంది. బంతి పట్టుకోవడం మానేసింది.

ఇదంతా పాతదే కదా, ఇప్పుడెందుకు చెబుతున్నావంటారేమో. మొన్న ఆ గోల్వే ఆవిడ కూడా మానేసింది. పేజీలో మళ్ళీ అదే వాదన, ఎవరొస్తారు, ఎవరైతే మేలు. అప్పట్లో మనం అన్యాయం చేసిన ఆ ఇండియన్ లేడీని ఎందుకు అడగకూడదని ఎవరో రాశారు. వెంటనే సునీత ఫోన్ చేసింది. దరఖాస్తు పెట్టనా అక్కా అని అడిగింది. ఈసారి అందరికన్నా ముందు నాకే చెప్పింది. నువ్వెట్టా అంటే అట్టా అంది.

ఎందుకులే, మళ్ళా ఆ మాటలన్నీ పడుడు అవసరమా అన్నాను. ఎంత ప్రేమగా అన్నానో! ఆమె ముందుకొస్తే పాత సంగతంతా కదులుతుందని, ఎయిడన్ ఎవరో తవ్వుతారని నా భయం. నిజమేలే అక్కా, ఈ వయసులో నాకెందుకు అని పెట్టేసింది.

ఈసారి ఎయిడన్‌తో పని కూడా పడలేదు. నా గొంతుతో, నా యాసలో, అక్క లాగా చెప్పి ఆపేశాను. అప్పుడు కుళ్ళు, ఇప్పుడు భయం. రెండుసార్లూ పోయింది ఆమెదే.

అందుకని, ఇదిగో, చెప్పేస్తున్నాను. ఎయిడన్ అనేవాడు లేడు. రాసింది నేను. డెస్ మీద చెప్పింది పచ్చి అబద్ధం. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. కాకపోతే "నేను" అని రాశాక ఛాతీలో బిగుసుకున్నదేదో కాస్త వదిలింది. ఊపిరి ఆడుతోంది. ఇంత చిన్న మాటకి ఇన్నేళ్ళు పట్టింది.

దరఖాస్తులకి గడువు ఇంకా ఉంది. సునీతకి ఇంకా ఫోన్ చేయలేదు.