ఫ్రేమ్ బోసిగా ఉంది

మొన్న కరీంనగర్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాను. మంగళసూత్రం కట్టే వేళకు నెత్తిమీద బుర్రుమని ఒకటే మోత. తలెత్తి చూస్తే డ్రోన్. దాని గాలికి తలంబ్రాల పళ్ళెంలోని బియ్యం చెదిరిపోతున్నాయి, పంతులుగారి ఉత్తరీయం మొహానికి చుట్టుకుంటోంది. ఏం మంత్రం చదివారో ఆయనకైనా వినపడిందో లేదో. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ వెంటనే గ్రేసమ్మ టీచర్ గుర్తొచ్చి నవ్వూ వచ్చింది. వీడియో గురించి మా ఇద్దరికీ ఒకప్పుడు పెద్ద యుద్ధమే జరిగింది మరి.

గ్రేసమ్మ టీచర్ పెద్దపల్లిలో మా పక్కింటావిడ. నాకు చదువు చెప్పింది కూడా ఆవిడే. ఆదివారం తెల్లచీర కట్టుకుని మెథడిస్టు చర్చికి వెళ్ళేది, మిగతా రోజులు మా ఇంటి వ్యవహారాలన్నీ తనవే అన్నట్టు ఉండేది. చిన్నప్పుడే మా నాన్న, మా బాపు, పోయాడు. ఇంటి పెత్తనం బాపు అన్న, మా పెదబాపుది. ఆయన మంచివాడే కానీ ఏ పని చేయాలన్నా, మానాలన్నా ‘నలుగురు ఏమంటరు’ అనే ఒక్క భయం. ఆ నలుగురు ఎవరో నాకు ఈనాటికీ తెలియదు.

టీచర్‌తో వేగడం అంతకన్నా కష్టం. ఏది అడిగినా “గది గాదు, అసలు సంగతి చెప్పు” అనేది. పదో తరగతి అయ్యాక, కరీంనగర్‌లో కాలేజీ బాగుంటుంది, హాస్టల్‌లో ఉండి చదువుతాను, మా పెదబాపుకు చెప్పండని బతిమాలాను. “గది గాదు” అంది. లెక్కల సారు మంచివాడట అన్నాను. “గది గాదు” అంది. ఏడుపొచ్చి, “ఇంట్ల ఉంటే పెండ్లి చేస్తరు టీచర్!” అని అరిచాను. “ఆఁ, గట్ల చెప్పు” అని కళ్ళద్దాలు తుడుచుకుని పెదబాపు దగ్గరికి వెళ్ళింది. వెళ్ళి చెప్పిందేమిటి? పట్నంలో చదివిన పిల్లకు నౌకరీ చేసే పిల్లగాడు దొరుకుతాడని! నా దగ్గర మాత్రం నిజం కక్కించి, ఆయనకు ఆయన వినగలిగే మాట చెప్పి వచ్చింది. ఇదెక్కడి న్యాయమని నేను చాలా రోజులు సణిగాను. కాలేజీకి మాత్రం వెళ్ళాను.

తొంభైల మొదట్లో ఆదిలాబాద్ సంబంధం కుదిరింది. పిల్లగాడు పత్తి జిన్నింగ్ మిల్లులో అకౌంట్లు చూసేవాడు. అప్పుడప్పుడే మా వైపు పెళ్ళిళ్ళలో వీడియోలు మొదలయ్యాయి. నాకూ వీడియో కావాలన్నాను. పెదబాపు ఎటూ తేల్చలేదు. టీచర్ మాత్రం ససేమిరా వద్దంది.

“ఎందుకే నీకు వీడియో?”

“అందరు తీయిస్తున్నరు టీచర్.”

“గది గాదు.”

“గుర్తుంటది కదా.”

“గది గాదు, అసలు సంగతి చెప్పు.”

ఆ రోజు నాకు చిర్రెత్తుకొచ్చింది. చేతిలోని చాయ్ కప్పు ఠక్కున కింద పెట్టి చెప్పేశాను. అసలు సంగతి మా అవ్వ, నా తల్లి. భర్త పోయిన మనిషి ముహూర్తం వేళ పందిట్లోకి రాకూడదు. కన్యాదానం పెదబాపు, పెద్దమ్మ చేస్తారు. నన్ను కని పెంచిన మనిషి వెనక గదిలో తలుపు వేసుకుని కూర్చుంటుంది. “నాకేం ఫికర్ లేదు బిడ్డా, లోపట్నుంచి డోలు సప్పుడు ఇనుకుంట కూసుంట” అని అవ్వ తానే ముందుగా చెప్పేసింది. అందుకే కోపం ఇంకా ఎక్కువైంది. వీడియో ఉంటే కనీసం తర్వాతైనా చూస్తుంది కదా!

టీచర్ నా కప్పు తీసి పక్కన పెట్టింది. “పక్క రూంల ఉన్నామెకు బిడ్డ పెండ్లి టీవీల చూపెడ్తవా?” అంది.

“మరేం చెయ్యమంటరు? మీరు చెప్తే ఇంటడా మా పెదబాపు?”

“నా మాట ఇనడు. నీ మాట ఇనడు. ఎవని మాట ఇంటడో చూడాలె” అని లేచి వెళ్ళిపోయింది. సాయం చేయదు, చేసుకోనివ్వదు. ఇలాంటి మనిషిని ఏమనాలి?

ఆ తర్వాత కొన్నాళ్ళకే పెదబాపు కూతురి పెళ్ళి జరిగింది. ఆ పెళ్ళికి వీడియో పెట్టారు. వీడియో ఆయన భుజాన కెమెరా, కళ్ళు బైర్లు కమ్మే లైటు. అక్కకూ బావకూ జీలకర్ర బెల్లం పెట్టించే సమయానికి ఆ లైటు ఆరిపోయింది. “పంతులుగారూ, జర ఆగుండ్రి! మళ్ళ పెట్టియ్యుండ్రి, సరిగ రాలే” అని కేకేశాడు. పంతులుగారు ఆగారు. డోలు ఆగింది. ఇంట్లో ఎవరి మాటా వినని మా పెదబాపు చేతులు కట్టుకుని, అతను జరగమన్న చోటికల్లా జరిగాడు. దేవుడి ముహూర్తాన్ని ఒక వీడియో ఆయన ఆపేశాడని నేను పళ్ళు కొరుకుతుంటే, పక్కన టీచర్ కళ్ళద్దాలు తీసి తీరిగ్గా తుడుచుకుంటోంది. ఇంటికి వస్తూ, “నీ పెండ్లికి వీడియో పెట్టియ్యి. గా కెమెరా పిల్లగాన్నే పిలువు” అంది.

“ఇన్ని దినాలు వద్దు వద్దని నా పానం తింటిరి కదా టీచర్!”

“ఇప్పుడు పెట్టియ్యుమంటున్న” అంది.

నా పెళ్ళి మా ఇంటి ముందు పందిట్లోనే జరిగింది. పంతులుగారు మంగళసూత్రం అందరి చేతా తాకించి తెచ్చారు. అంతలో వీడియో ఆయన కెమెరా కిందికి దించాడు.

“పెండ్లిపిల్ల తల్లి ఏదండి? ఫ్రేమ్ బోసిగున్నది.”

పెదబాపు గొంతు సవరించుకుని, “ఆమె రాదు. మీరు కానియ్యుండ్రి” అన్నాడు.

“రాకుంటే ఎట్ల సార్? రేపు క్యాసెట్ చూసినోళ్ళు పిల్లకు తల్లి లేదా అని అడుగరా?”

ఆ మాట తగలవలసిన చోటే తగిలింది. పందిట్లోని నలుగురికి భయపడి మా అవ్వను గదిలో పెట్టినవాడు, క్యాసెట్ చూడబోయే నలుగురికి ఇంకా ఎక్కువ భయపడ్డాడు. ముహూర్తం మించిపోతున్నదని పంతులుగారి తొందర. “ఏయ్, విజయ వాళ్ళవ్వను జర బయటికి రమ్మనుండ్రి!” అని పెదబాపే కేకేశాడు. అవ్వ తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి దూరంగా నిలబడింది. “ఇంకా దగ్గరికమ్మా, ఇంకా” అన్నాడు వీడియో ఆయన. అవ్వ భుజం నా భుజానికి తగిలింది. ఆ తర్వాత కన్నీళ్ళకు నాకేమీ కనిపించలేదు.

అప్పగింతలప్పుడు టీచర్‌ని పట్టుకుని, “మీరే చెప్పిండ్రు కదా వీడియో ఆయనకు?” అని అడిగాను.

“నేనేం జెప్పిన్నే? గీ ఫ్రేముల సంగతి నాకేమెర్క?” అని మొహం తిప్పుకుంది. పోయేదాకా ఒప్పుకోలేదు మహాతల్లి.

క్యాసెట్ బూజు పట్టి ఏనాడో పాడైపోయింది. అవ్వ దాన్ని ఒక్కసారి కూడా చూడలేదు. వేసి చూపిస్తానంటే, “చూసిన గదనే, మళ్ళేం చూసుడు” అనేది.

మొన్నటి పెళ్ళిలో కూడా పెళ్ళికూతురికి తండ్రి లేడు. ఆకాశంలో డ్రోన్ తిరుగుతోంది, వేదిక మీద తెరలు వెలుగుతున్నాయి, తల్లి మాత్రం భోజనాల వైపు స్తంభం చాటున నిలబడి ఉంది. ఇన్నేళ్ళయినా! నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి వెళ్ళి కెమెరా ఆయన పక్కన నిలబడి, “ఫ్రేమ్ బోసిగున్నది నాయనా” అన్నాను. ఎవరు లేరో చూపించి, ఏమనాలో కూడా చెప్పి, వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

“అమ్మాయి వాళ్ళ మదరెక్కడ? జర స్టేజీ మీదికి రావాలె!” అని అతను అరిచాడు. జనమంతా ఎవరు చెప్పారా అని అటూ ఇటూ చూశారు. నేను కళ్ళద్దాలు తీసి తీరిగ్గా తుడుచుకుంటున్నాను.