తాతమ్మ కొవ్వొత్తి వెలిగించిన సమాధి

మా అమ్మవి పిల్లికళ్ళు. బెజవాడలో చదువుకునే రోజుల్లో తోటి పిల్లలు దొరసాని అని ఏడిపించేవారట. ఆ కళ్ళు తన అమ్మమ్మ నుంచి, అంటే మా తాతమ్మ నుంచి వచ్చాయని అమ్మ చెప్పేది. తాతమ్మ తండ్రి రైల్వేలో ఇంజను నడపడానికి వచ్చిన తెల్లవాడని, కూతురు చిన్నపిల్లగా ఉండగానే జ్వరం వచ్చి పోయాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు మించి ఎవరూ మాట్లాడేవారు కాదు. ఏటా చనిపోయినవాళ్ళని తలుచుకునే ఆత్మల పండుగ నాడు తాతమ్మ తెల్లవాళ్ళ సమాధుల దొడ్డికి వెళ్ళి, అక్షరాలు చెరిగిపోయిన ఒక రాయి ముందు కొవ్వొత్తి వెలిగించేదట. మీ నాన్నది ఇదేనని ఆ రాయిని వాళ్ళమ్మ చూపించిందట. చిన్నప్పుడు తాతమ్మ వెంట అక్కడికి వెళ్ళేది మా అమ్మే.

నేను పరాయి దేశంలో, హామిల్టన్ అనే ఊళ్ళో నర్సుని. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటోంది. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది. తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది. స్నేహితులంతా తమ పూర్వీకులు ఎక్కడి నుంచి వచ్చారో చెప్పుకుంటుంటే దానికీ తెలుసుకోవాలనిపించి, ఉమ్మి పంపితే వంశం చెప్పే టెస్టు తెప్పించింది. తనదానితో పాటు అమ్మమ్మదీ పంపింది. ఈ వయసులో నా ఉమ్మి ఎవడికి కావాలే అని అమ్మ నవ్వుకుంటూనే ఇచ్చింది.

ఫలితాల్లో ఐర్లండ్ అని ఉంది. అమ్మతో రక్తసంబంధం కలిసిన వాళ్ళ పేర్లు కూడా వచ్చాయి. అందులో ఒకావిడ మా ఇంటికి గంట డ్రైవ్‌లో ఉన్న చిన్న ఊళ్ళోనే ఉంటోంది. ఎనభై దాటిన మనిషి. పాడి ఫారం కొడుకులకి అప్పగించాక, ఐర్లండ్ నుంచి వలస వచ్చిన తన వాళ్ళ వివరాలు వెతకడమే పనిగా పెట్టుకుందట. తనే మెసేజ్ పెట్టి మమ్మల్ని టీకి పిలిచింది.

వెళ్ళేసరికి గుమ్మంలోనే నిలబడి ఉంది. అమ్మ కళ్ళని చూసి ఒక్క క్షణం ఆగి, చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. గోడ మీద వరండాలో కూర్చున్న ఒక ముసలాయన ఫొటో ఉంది. తన నాయనమ్మకి తమ్ముడని, తన వాళ్ళలో ఇండియా వెళ్ళింది ఆయనొక్కడేనని చెప్పింది. అక్కడ రైల్వేలో కొన్నాళ్ళు పనిచేసి, మానేసి నేరుగా ఇక్కడున్న అక్క దగ్గరికి వచ్చేశాడట. నలభై ఏళ్ళు ఈ ఇంట్లోనే, వెనక గదిలో ఉన్నాడట. పెళ్ళి చేసుకోలేదు. పిల్లలంటే ప్రాణం. తనని బండి మీద బడి దగ్గర దింపేవాడని, కర్రతో బొమ్మలు చెక్కి ఇచ్చేవాడని, ఆయన పోయినప్పుడు తను వారం రోజులు అన్నం ముట్టలేదని మురిపెంగా చెప్పుకుపోయింది.

నేను ఒక్కొక్క మాటా అమ్మకి తెలుగులో చెబుతూ వచ్చాను. అమ్మ లేచి ఆ ఫొటో దగ్గరికి వెళ్ళింది.

"మరి మా అమ్మమ్మ ఎవరి సమాధికి దణ్ణం పెట్టుకుందే?" అని అడిగింది.

అమ్మ ఏమందని ఆవిడ నన్ను అడిగింది. చివరికి మా అమ్మాయే ఇంగ్లీషులో చెప్పింది: బెజవాడలో ఉన్న కూతురి సంగతి, తండ్రి పోయాడనుకుని ఆ పిల్ల ఏళ్ళ తరబడి వెలిగించిన కొవ్వొత్తుల సంగతి. ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తమలో ఎవరికీ తెలియదని, ఆయన ఒక్కనాడూ చెప్పలేదని, ఆయన తరఫున తను క్షమాపణ అడుగుతున్నానని మళ్ళీ మళ్ళీ అంది.

అమ్మ సమాధి చూస్తానంది. ఆవిడ తోటలో పూలు కోసి అమ్మ చేతికిచ్చి, మాతోపాటు కారెక్కింది. శ్మశానం ఒక చిన్న గుట్ట మీద ఉంది. కంచెకి అవతల ఆవులు మేస్తున్నాయి. రాయి మీద ఆయన పేరూ, ఐర్లండ్‌లో పుట్టిన ఊరూ స్పష్టంగా ఉన్నాయి. అమ్మ పూలు పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని, పక్కింటి మనిషితో మాట్లాడినట్టు మెల్లగా అంది.

"నువ్వు పోయావనుకునే మా అమ్మమ్మ పోయింది. అదొక్కటే మేలు."

ఆ రాయి మీద కూతురి పేరూ, ఆమె తల్లి పేరూ చెక్కిస్తానని ఆవిడ అంది. ఆ తల్లి పేరేమిటని అడిగింది. అమ్మకి తెలియదు. తాతమ్మ ఎప్పుడూ 'మా అమ్మ' అనే చెప్పిందట గానీ పేరు చెప్పలేదట. ఇప్పుడు అడగడానికి ఎవరూ మిగల్లేదు.

"ఒకరిది రాసి ఒకరిది వదిలేస్తే ఏం బాగుంటుంది? వద్దని చెప్పు," అంది అమ్మ.

తిరిగి వస్తూ ఆవిడని ఇంటి దగ్గర దింపాం. తర్వాత కారులో అమ్మ అంది, ఆయన వెళ్ళిపోయాడని ఆ తల్లికి తెలిసే ఉంటుందని. పిల్ల రోజూ స్టేషనుకి పోయి కూర్చోకుండా సమాధి చూపించి ఉంటుందని. ఏ రాయి చూపిస్తే పిల్ల నమ్ముతుందా అని ఆ దొడ్డిలో ఒంటరిగా వెతుక్కున్న ఆ మనిషి అప్పటి నుంచీ నా కళ్ళలో మెదులుతూనే ఉంది. ఐర్లండ్ వైపు ఆరు తరాల పేర్లు మాకిప్పుడు తెలుసు. ఆమె పేరొక్కటే తెలియదు.

ఆ తర్వాత ఆవిడ ఆదివారాలు ఫోన్ చేసేది. అమ్మకొచ్చిన కాస్త ఇంగ్లీషుతో ఇద్దరూ కూరగాయల గురించీ మోకాళ్ళ నొప్పుల గురించీ మాట్లాడుకునేవారు. ఆయన మాట ఎప్పుడూ ఎత్తలేదు. పోయిన చలికాలంలో ఆవిడ నిద్రలోనే పోయింది. కొడుకు కబురు చేస్తే ముగ్గురం వెళ్ళాం. చర్చిలో మమ్మల్ని ఇంటివాళ్ళ వరసలో కూర్చోబెట్టారు. ఆ గుట్ట మీద కంటతడి పెట్టని అమ్మ అక్కడ వెక్కి వెక్కి ఏడ్చింది. వెనక వరసలోంచి ఒకావిడ ముందుకి వంగి, మీకేమవుతుందని నన్ను అడిగింది. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక తడుముకుంటున్నాను. అమ్మ వెనక్కి తిరిగి, "చుట్టాలం," అని తెలుగులోనే చెప్పి కళ్ళు తుడుచుకుంది.