ఐదుకు మూడు

ఈద్ సెలవులకు మంచు చూడటానికి జార్జియా వెళ్తూ మా ఆయన, సత్వాలో బెడ్‌స్పేస్‌లో, అంటే పదిమంది ఉండే గదిలో ఒక మంచం అద్దెకు తీసుకుని ఉంటున్న మా తమ్ముణ్ణి కూడా వెంటబెట్టుకుపోయాడు. పిల్లకు జ్వరమని నేను ఇక్కడ గల్ఫ్‌లోనే, అల్ నహ్దాలోని మా ఫ్లాట్‌లో ఉండిపోయాను. మా ఆయనది సైట్‌లో సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగం. నెత్తిన హెల్మెట్ లేకపోతే సొంత అన్ననైనా గేటు బయటికి నెట్టే రకం.

మర్నాడు పొద్దున, అక్కడి హోటల్ ముందున్న హెచ్చరిక బోర్డు ఫొటో పంపాడు. పాత మంచు గట్టిపడి నున్నగా ఉందట. గాలి తెచ్చిపోసిన కొత్త మంచు దానికి అతుక్కోలేదట. హద్దుగా కట్టిన తాడు దాటి ఒక్క మనిషి కాలు పెట్టినా కొండ వాలు మీది మంచు మొత్తం ఊడిపడవచ్చట. కింద ప్రమాద స్థాయి: ఐదుకు మూడు. వెంటనే ఫోన్ చేశాను.

"తాడు దాటి పోకుండ్రి. తమ్మునికి మంచు అంటేనే తెల్వదు."

"ఐదుకు మూడంటే నూటికి అరవై. ఫస్ట్ క్లాసే గదనే! ఊకె బుగులు పడ్తవ్" అని నవ్వాడు.

అవి ప్రమాదానికి వేసిన మార్కులు. ఎక్కువ వచ్చేకొద్దీ చావుకు దగ్గర. ఆ మాట చెప్పేలోపే ఫోన్ పెట్టేశాడు. మార్కులు కనబడితే చాలు, మనవాళ్లు ఇక ఏ పరీక్షకని కూడా అడగరు.

ఆ మధ్యాహ్నమే తాడు దాటారు, వాలు మీది మంచు జారింది. తమ్ముడు మంచు కింద కూరుకుపోతే, ఊరివాళ్లు పారలతో తవ్వి బయటికి లాగారు. ఇదంతా తిరిగొచ్చాక తమ్ముడు చెబితేనే తెలిసింది. మా ఆయన మాత్రం "జరంత జారి పడ్డడు" అని సరిపెట్టాడు.

శుక్రవారం స్నేహితులను భోజనానికి పిలిచాడు. తమ్ముడూ వచ్చాడు. నేను బిర్యానీ వడ్డిస్తుంటే మా ఆయన టీవీలో ఆ మంచు జారిన వీడియో పెట్టాడు, పాట కూడా జోడించి. వాలు నెర్రెలిచ్చింది. తమ్ముడి ఎర్ర టోపీ మాయమైంది. "బావా!" అని ఒక కేక. ఫోన్ పట్టుకున్న మనిషి ఒక్క అడుగు ముందుకు వేయలేదు. పరుగెత్తుకొచ్చింది ఊరివాళ్లే.

"అరె భాయ్, క్యా షాట్ హై!" అంటూ వచ్చినవాళ్లు మళ్లీ వేయించుకున్నారు. థూ, వీళ్లకా నేను వండి పెట్టింది!

"ఎవరు తీసిండ్రు?" తెలిసే అడిగాను.

"నేనే. చెయ్యి జరంత గూడ వణకలే, సూడు!"

తమ్ముడు సగం అన్నం ఉండగానే కంచంలో చెయ్యి కడిగేశాడు.