వెనక వరుసకు మైకు

మా పిన్ని కంపెనీల విలీనాల కేసులు వాదించే లాయరు. కోపం ముక్కు మీదే ఉంటుంది. ఏ వాటాదారుల సమావేశానికెళ్లినా వెనక వరుసలోనే కూర్చుంటుంది. ఒకసారి అక్కడికి మైకు రాకముందే, "అందరూ ఒప్పుకున్నట్టే" అంటూ ఛైర్మన్ విలీనం కానిచ్చేశాడు. పక్కన కూర్చున్న ఓ చిన్న వాటాదారు తరఫున పిన్ని కోర్టుకెక్కింది.

"అడక్కుండానే ఒప్పుకున్నారంటే ఎలాగండీ?" అని జడ్జిగారి ముందు వాదించి, సమావేశం మళ్లీ పెట్టించింది.

ఈసారి మైకు ముందుగా వెనక వరుసకే వచ్చింది. పిన్ని క్లయింటు, రిటైరైన బస్సు డ్రైవరు, లేచి తాపీగా గొంతు సవరించుకున్నాడు. ఛైర్మన్‌కు ముచ్చెమటలు పట్టాయి.

"నాకు ఇష్టమేనండీ. అప్పుడు అడిగుంటే అప్పుడే చెప్పేవాణ్ణి."

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది పిన్నే.