దుకాణం లెక్క, కొండ లెక్క

నవ్వనంటేనే చెప్తాను. మొన్న మా చెల్లెను నిప్పులు కక్కే కొండ దగ్గరికి నేనే పంపించాను. వరంగల్‌లో గల్లా మీద కూర్చుని, ఫోన్‌లో!

మాది జంపఖానాల దుకాణం. తాత కాలం నుంచీ మాలుకు నంబర్లున్నాయి. ఒకటో నంబర్ అంటే గట్టి నేత, ఏళ్ల తరబడి తొక్కినా చెక్కుచెదరదు. నాలుగో నంబర్ పలచన. కొన్నవాడికే దాని మీద నమ్మకం ఉండదు. చెల్లె స్వప్న కూడా ఈ నంబర్ల మధ్యే పెరిగింది.

స్వప్న, బావ ఇండోనేషియా టూర్ వెళ్లారు. అక్కణ్నుంచి ఫోన్.

"అన్నా, రేపు అగ్నిపర్వతం సూడవోవాలె. హోటలోళ్లు అలర్ట్ లెవెల్ త్రీ అంటాండ్లు. పోవాల్నా, వద్దా?"

"మొత్తం ఎన్ని లెవెల్సే?"

"నాలుగట."

"నాలుగిట్ల మూడో నంబరా? గంతేనా! ఒకటో నంబరైతే ఫికర్ చెయ్యాలె. మూడో నంబర్ మాల్ ఏం పేలుతదే? మంచిగ ఫోటోలు దిగి రాండ్రి!"

వెనక నుంచి బావ, "జర హోటలోళ్లనే ఇంకోసారి అడుగుదాం" అంటూనే ఉన్నాడు. పాపం, వాళ్లింట్లో దుకాణం లేదు కదా! మేమిద్దరం ఆయన మాట చెవినే పెట్టలేదు.

మర్నాడు పొద్దున నా భార్య రమ ఫోన్ పట్టుకుని దుకాణంలోకి ఉరికొచ్చింది.

"ఏమయ్యా, జర ఇది సదువు. ఒకటో లెవెల్ అంటే కొండ సప్పుడు చేస్తలేదని. నాలుగంటే పేల్తాందని, అందరు ఖాళీ చెయ్యాల్నని! దాని కిందిదే మూడు!"

చేతిలో మీటర్ బద్ద అక్కడే పడేశాను. స్వప్నకు ఫోన్ చేశాను, కలవలేదు. బావకు చేశాను, కలవలేదు. ఏటా రాఖీ కట్టించుకుని నేను ఆమెను కాపాడే తీరు ఇదా అనిపించింది. నిజంగా చాలా భయపడ్డాను. మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే అమ్మ అడిగింది, "చెల్లె ఫోన్ జేసిందారా?" అని. "సిగ్నల్ లేదమ్మా" అన్నాను. అన్నం వదిలేసి మళ్లీ ఫోన్ కలిపాను.

సాయంత్రం ఫోన్ మోగింది.

"అన్నా, కొండకాడికి పోనియ్యలే! తొవ్వలనే గేటు ఏసిండ్లు. నేను మస్తు కొట్లాడిన. మూడో నంబరే కదా, ఏం గాదు, ఇడువుండ్రి అని!"

"ఎవలతోని కొట్లాడినవే?"

"పోలీసోళ్లతోని! ఈమెకు పానం బాగనే ఉన్నదా అని మీ బావను అడిగిండ్లు."

నాకు నవ్వు రాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ కొండ లెక్క మన లెక్కకు తలకిందులని, తప్పంతా నాదేనని చెప్పాను.

"అన్నా," అంది స్వప్న, "మన దుకాణం లెక్కల సూసినా, ఈ కొండ లెక్కల సూసినా, నువ్వు నాలుగో నంబరే!"