పాయింట్ తర్వాత మూడంకెలు

బహ్రెయిన్ రాజధాని మనామాలోని ఒక క్రిప్టో ఆఫీసులో లెక్కలు చూసే అబూ నాదర్ తాళం వేశాక మూడుసార్లు లాగి చూస్తాడు. టీ సగంలో వదిలి లేవాల్సివస్తే కప్పు మీద సాసరు మూసి వెళ్తాడు. తిరిగొచ్చాక సాసరెత్తి, ఎంత ఉందో కనుబొమలు ముడిచి చూసుకుంటాడు. కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చిన మూడు నెలలుగా, ఆయన లెక్కలో ఉన్నన్ని బిట్‌కాయిన్లు కంపెనీ వాలెట్‌లో ఉండటం లేదు. తగ్గేది పిసరంతే, కానీ ప్రతి నెలా తగ్గుతోంది. వాలెట్ చూసేది బుసైనా. ఆ అమ్మాయి ఉద్యోగం ఊడగొట్టే ఫిర్యాదు ఒకటి రాసి, మడిచి, జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

ఆ ఉదయం యజమాని గదికి వెళ్ళేముందు చివరిసారి లెక్క సరిచూసుకుంటుంటే, బుసైనా వచ్చి వెనక నిలబడింది.

"ఏంటి బాబాయ్, పాయింట్ తర్వాత మూడంకెలే పెట్టారు?"

"దీనారుకి వెయ్యి ఫిల్సులు. మూడు కాక ముప్పై పెడతారా?"

"అది మన దీనారు. బిట్‌కాయిన్‌కి ఎనిమిదుండాలి. బయటికి పంపిన ప్రతిసారీ, మీ లెక్కలో పోయినదానికన్నా తక్కువ పడేలా, చివరి అయిదంకెల్నీ మీ సాఫ్ట్‌వేరే కొట్టేస్తోంది."

కొట్టేస్తోంది అన్న మాటకి ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది. ఆమె ఎనిమిదికి మార్చి, పాత చిట్టా అంతా మళ్ళీ ఎక్కించింది. తేడా సున్నా.

"మూడు పెట్టిందెవడు?"

ఆమె తెర అడుగున చూపించింది. ఆయన పేరే. అబూ నాదర్ ఆ పేరుని చాలాసేపు అనుమానంగా చూశాడు. ఆమె వెళ్ళాక ఫిర్యాదు తీసి ముక్కలుగా చింపి, చెత్తబుట్ట దాకా నడిచాడు. ఎవరైనా ఏరి అతికిస్తారేమోనని, ముక్కలన్నీ మళ్ళీ జేబులోనే వేసుకున్నాడు.