అరచేతిలో వణుకు

బోధన్ బస్సులో పక్కన కూర్చున్న అవ్వ, తన ఫోన్‌ను నా ఫోన్ పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకే పాత మోడల్. నా దాంట్లో మాత్రం కొత్త ఆండ్రాయిడ్ నడుస్తోంది.

“ఆండ్రాయిడ్ పాతదయిందని నా దాంట్ల వీడియో కాల్ ఈ నెల దాకనే అంట. కంఠేశ్వర్ల ఫోన్ల షాపాయన పారేయమన్నడు. నువ్వెట్ల జేసినవ్ కొడుకా?”

కొత్త సాఫ్ట్‌వేర్‌కూ ఫోన్ లోపలి భాగాలకూ మధ్య పనిచేసేది కెర్నల్. దాన్ని పాత ఫోన్లకు సరిచేయడం సొంతంగా నేర్చుకున్నాను. ఈ మోడల్లో పది భాగాలకు తొమ్మిది పనిచేస్తున్నాయి. అది చాలనుకున్నాను.

“నీది గూడ చేసిస్త అవ్వా,” అన్నాను గొప్పగా. ఆమె నా పెదాలనే చూస్తోంది.

అంతలో ఆమె ఫోన్ అరచేతిలో వణికింది. తెరపై ఒకామె ముఖం కనబడగానే అవ్వ నవ్వింది. ఏదో చెప్పి పెట్టేసి నావైపు తిరిగింది.

“నా బిడ్డ. నాకు చెవులు ఇనవడయి. గిట్ల వణికితేనే ఎరుక. పెదాలు సూసి మాట్లాడుత.”

నేను వదిలేసిన పదో భాగం ఈ వణుకే, వైబ్రేషన్.

“ఇంకొంచెం పనున్నదవ్వా,” అన్నాను నిదానంగా.

“అయినంక ఫోన్ జెయ్యి. వణుకుతది గద!” అని నవ్వి, నంబరిచ్చి బోధన్‌లో దిగిపోయింది.

నెల ముగియకముందే ఒక ఆదివారం, కెర్నల్‌ను మళ్లీ సరిచేశాక నా ఫోన్ బల్ల మీద మొదటిసారి వణికింది. చేతిలోకి తీసుకుని కాసేపు అలాగే పట్టుకున్నాను. తర్వాత అవ్వకు వీడియో కాల్ చేశాను.